వదలని పసుపు

ఆ ఇంట్లో తెల్లటి వస్తువన్నది లేదు. తలగడ గలీబులు పసుపు, తువ్వాళ్ళు పసుపు, తలుపు గడియ చుట్టూ వేలిముద్రలు పసుపు, ఆఖరికి కొత్త సబ్బు బిళ్ళ కూడా రెండు పూటలు వాడేసరికి పసుపే. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో సరదాపడి వేయించుకున్న రంగనుకునేవాళ్ళు. సరదా లేదు, పాడూ లేదు. ఆ ఇంటి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనిచేసేది పసుపు సారాన్ని క్యాప్సూళ్ళలో నింపే చిన్న కార్ఖానాలో. పొద్దున మనిషి రంగులో వెళ్ళి, సాయంత్రం పసుపు రంగులో ఈడ్చుకుంటూ రావడమే వాళ్ళ ఉద్యోగం.

కార్ఖానాలో ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు, ఆవిడని పిన్ని అంటారు. వాళ్ళకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు కాబట్టి మనమూ మొహమాటపడక్కర్లేదు.

పసుపు అనగానే వంటింటి డబ్బాలో ఉండేదే అనుకుంటాం. వీళ్ళ దగ్గరికి డ్రమ్ముల్లో వచ్చేది అది కాదు. పసుపు కొమ్ముల్లో ఉన్న అసలు సరుకునంతా పిండి తీసిన సారం. కర్క్యుమిన్ అంటారు. నారింజ రంగులో, మెత్తగా, ఊపిరి వదిలినా లేచిపోయేంత తేలిగ్గా ఉంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా తుమ్మితే పసుపే వస్తుంది. బాబాయ్ పని దాన్ని జల్లించడం, కలపడం, నింపడం. చిల్లుల పలకలో ఖాళీ క్యాప్సూళ్ళు నిలబెట్టి, పైన పొడి పరిచి, రేకు బిళ్ళతో అదిమి, మళ్ళీ పొడి పోసి, మళ్ళీ అదిమి, మూతలు బిగించాలి. అంతా నిలబడే చెయ్యాలి. పిన్ని పక్క గదిలో కూర్చుని డబ్బాలకి కాగితాలు అంటిస్తుంది. ఆ కాగితం మీద ఉన్న మాటలు ఆవిడకి నిద్రలో కూడా వచ్చేవి. ‘ఇది ఆహారానికి తోడు మాత్రమే. ఏ జబ్బునీ నయం చేసే మందు కాదు. రోజుకి ఒకటి.’ అన్నేళ్ళు అంటించాక ఆ మాటలకి అర్థం ఉంటుందన్న సంగతే ఆవిడ మర్చిపోయింది. ఎవరైనా అంతే.

మూతలు బిగించేటప్పుడు కొన్ని క్యాప్సూళ్ళకి సొట్టలు పడతాయి. సొట్టలున్నవాటిని ఎవరూ కొనరు. అందుకని వాటిని ఏరి ఒక రేకు డబ్బాలో పడేస్తారు. పనివాళ్ళలో ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళ్ళొచ్చని ఓనరు ఎప్పుడో ఉదారంగా సెలవిచ్చాడు. ఇక్కడే కాగితాలంటించే బల్ల దగ్గర ఒక లెక్క పుట్టింది. సొట్ట పడిందంటే లోపల సరుకు తక్కువన్నమాట, కడుపునిండా ఉన్నదానికి సొట్టెందుకు పడుతుంది? కాబట్టి మంచిది ఒకటి వేసుకునేచోట సొట్టవి రెండు వేసుకోవాలి. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కరికి కూడా దాని మీద అనుమానం రాలేదు. పిన్నికైతే అసలే రాలేదు.

ఆవిడకి అవి అవసరం పడింది బాబాయ్ మోకాళ్ళ కోసం. ఏళ్ళ తరబడి సిమెంటు నేల మీద నిలబడి నిలబడి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, గోడ దొరక్కపోతే పిన్ని కావాలి. నొప్పి బిళ్ళలు వాడితే కడుపులో మంట. ఆయన బయటికి ఏమీ అనేవాడు కాదు గానీ మెట్లెక్కేటప్పుడు పళ్ళు బిగించే చప్పుడు పిన్నికి వినిపించేది. ఆ మోకాళ్ళు పూర్తిగా మొండికేస్తే నింపే బల్ల దగ్గర ఇంకో మనిషొస్తాడు. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనేవాళ్ళు కాదు.

“ఇంట్లో ఉప్పు పెట్టుకుని పక్కింటికి అప్పుకెళ్ళినట్టుంది మన పని. ఊరంతా కొనుక్కుని వేసుకుంటున్నారు. మీరు వాటి మధ్యలోనే నిలబడి కుంటుతున్నారు. ఇదిగో, నోరు తెరవండి,” అంది పిన్ని ఒకరోజు.

బాబాయ్ నోరు తెరిచాడు. పొద్దున రెండు, సాయంత్రం రెండు.

ఉన్నమాట చెప్పుకోవాలి, అవి పనిచేశాయి. కొన్ని వారాలయ్యేసరికి ఆయన గోడ పట్టుకోకుండా లేవడం మొదలుపెట్టాడు. ఒకరోజు మెట్లు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి, కింద సంచీ మోసుకొస్తున్న పిన్నిని చూసి “ఏమే, ముసలిదానివైపోయావు!” అన్నాడు. పిన్నికి ఆ మాటకి ఎంత సంతోషం వేసిందో! నాలుగు తిట్లు తిట్టింది గానీ ఆ సాయంత్రమంతా ఆవిడ మొహం వెలిగిపోయింది. తన చేత్తో ఇచ్చింది, తన మనిషి లేచి నడిచాడు. జీవితంలో ఇలా కళ్ళకి కనిపించేలా ఫలితం వచ్చిన పని ఆవిడ ఇంకేం చేసిందని?

తరవాత కార్ఖానాలో సరుకు మారింది. కర్క్యుమిన్‌లో మిరియాల సారం కూడా కలపడం మొదలుపెట్టారు. అది ఉంటే ఒంటికి ఎన్నో రెట్లు బాగా పడుతుందని సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. పిన్ని ఇంకా ఉబ్బిపోయింది. బయటివాళ్ళు ఎక్కువ పెట్టి కొనుక్కునే కొత్త రకం తన కొంగు ముడిలో ఊరికే ఉంది మరి.

ఇక అలసట సంగతి. అలసట అన్నది ఆ ఇంట్లో కొత్త చుట్టం కాదు, మొదట్నించీ ఉన్న మనిషే. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పడానికి కూడా ఓపికలేక ఇద్దరూ గుమ్మంలో కాసేపు అలాగే కూర్చుండిపోయేవాళ్ళు. అందుకే బాబాయ్ ఇంకొంచెం ఎక్కువ అలిసిపోతున్నాడన్నది పిన్నికి తెలియలేదు. నీళ్ళలో నీళ్ళు కలిస్తే తెలుస్తుందా? ఆయన వచ్చీ రాగానే మంచమెక్కేవాడు. ఆదివారం కూడా లేచేవాడు కాదు.

“నేనేమన్నా అక్కడ ఊయలూగి వచ్చానా? ఆ నీళ్ళ బిందె కాస్త పట్టుకొస్తే అరిగిపోతారా?” అని పిన్ని విసుక్కునేది.

మొదట్లో ఆయన “నువ్వు కూర్చుని అంటిస్తావు, నేను నిలబడి నింపుతాను. తేడా లేదూ?” అని నవ్వేవాడు. కొన్నాళ్ళకి నవ్వడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకి జవాబివ్వడం కూడా మానేశాడు. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేసేవాడు. ఒళ్ళంతా దురదంటే, పొడి పడుంటుందని పిన్ని కొబ్బరినూనె రాసింది. కళ్ళల్లో రంగు తేడాగా ఉందంటే, గుడ్డ ముక్కుకే కట్టుకుంటారు, కళ్ళకి ఎవరు కట్టుకుంటారు, అందులోకీ వెళ్ళుంటుంది అనుకుంది. మూత్రం ముదురు రంగులో వస్తోందని ఆయన ఒకసారి తనే చెప్పి, వెంటనే తనే కొట్టిపారేశాడు.

“మన ఒంట్లోంచి ఇంకే రంగొస్తుందే! తెల్లగా వస్తే భయపడాలి గానీ!”

ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. అదే మాట ఇంకో ఇంట్లో ఎవరైనా అనుంటే అదేరోజు ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళు. ఈ ఇంట్లో పసుపంటే కంగారుపడేదెవరు?

పిన్ని చేసింది ఒకటే. కార్ఖానా ముందు గదిలో గోడకి పెద్ద బొమ్మ ఉంటుంది. అందులో కీళ్ళకి మంచిది, నీరసానికి మంచిది, లివర్‌కి మంచిది అని రాసుంటుంది. నీరసానికి కూడా మంచిదేనట కదా అని, పూటకి రెండు ఇచ్చేది మూడు చేసింది.

వానలకి కార్ఖానా పైకప్పు కారి సరుకు తడిసింది. రేకులు మార్చేదాకా రావద్దన్నారు. వచ్చేటప్పుడు పిన్ని రేకు డబ్బాలో మిగిలిన సొట్టవన్నీ మూటగట్టుకొచ్చింది. పని లేకపోతే ఉండే దిగులు ఉంది గానీ, ముందు నిద్రపోయారు. పొద్దూ మాపూ తేడా లేకుండా నిద్రపోయారు. తరవాత మెల్లిగా పిన్ని ఒంటికి పట్టిన పసుపు వదలడం మొదలైంది. గోళ్ళ చుట్టూ ఉన్నది ఆఖర్న పోయింది. బొటనవేలి పక్కన ఒక పుట్టుమచ్చ బయటపడింది. ‘ఇది నాదేనా!’ అని ఆవిడ దాన్ని కాసేపు రుద్ది చూసుకుంది. బజార్లో బల్ల దగ్గరి ఆడవాళ్ళు కనిపిస్తే ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. అందరూ ఎవరి రంగులోకి వాళ్ళు వచ్చేశారు.

పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్న కూతురు ఆ రోజుల్లోనే వీడియో ఫోన్ చేసింది. తల్లిని చూసి “అమ్మా, ఎంత బాగున్నావే!” అంది. ఫోన్ తండ్రి వైపు తిప్పగానే ఆగిపోయింది.

“నాన్నేంటి ఇంకా అలాగే ఉన్నాడు? పనికెళ్తున్నాడా?”

“లేదే, నాతోపాటే ఇంట్లోనే పడున్నారు.”

“మరి స్నానం చెయ్యడం లేదా?”

“ఒసేయ్, చేస్తున్నానే,” అన్నాడు బాబాయ్ పడుకునే.

ఫోన్ పెట్టేశాక పిన్ని ఆయన్ని లేపి స్నానాల గదిలోకి తీసుకెళ్ళింది. ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, సబ్బు రాసి వీపు రుద్దింది. పోలేదు. పీచు తీసుకుని రుద్దింది. నురగ తెల్లగా వచ్చింది, నీళ్ళు తెల్లగా పోయాయి. వీపు మాత్రం పసుపుగానే ఉంది. ఆవిడ ఇంకా గట్టిగా రుద్దింది.

“చర్మం ఊడొస్తుందే,” అన్నాడాయన.

“ఊరుకోండి!” అని అరిచింది పిన్ని. రుద్దుతూనే ఉంది. తన చేతి పక్కన ఆ వీపు. తన చెయ్యి తన రంగులో ఉంది, వీపు ఆ రంగులో ఉంది. రంగు పైన లేదు, లోపల్నించి వస్తోంది. అది తెలిసిన క్షణం ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పీచు కింద పడిపోయింది. చేత్తో ఆయన గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. కంట్లో తెలుపన్నది లేదు.

ఆస్పత్రిలో వాళ్ళకి దొరికింది ఒక డాక్టరమ్మ. చిన్న వయసే గానీ మొహంలో వీళ్ళిద్దరి అలసటా కలిపితే ఎంతవుతుందో అంతుంది. రక్తం తీసుకున్నారు, కడుపు మీద జిగురు రాసి యంత్రంతో చూశారు. కామెర్లు, లివర్ బాగా దెబ్బతింది, చేరాలి అన్నారు.

“మందు తాగుతారా?”

“వాసన కూడా పడదండి,” అన్నాడు బాబాయ్.

“ఎప్పుడైనా? స్నేహితులతో?”

“ఎప్పుడూ లేదండి.”

మూడోసారి కూడా అడిగేసరికి ఆయన మొహం చిన్నబోయింది. జన్మలో సీసా ముట్టని మనిషి. పక్క మంచం వాళ్ళు వింటున్నారేమో అని తల దించుకున్నాడు. పిన్నికి ఒళ్ళు మండిపోయింది గానీ డాక్టరమ్మ ముందు ఏమంటుంది?

“పోనీ ఏవైనా మందులు వాడుతున్నారా? నొప్పి బిళ్ళలు, మూలికలు, ఏదైనా?”

“ఏ మందులూ లేవండి. నొప్పి బిళ్ళలు ఎప్పుడో మానేశారు,” అంది పిన్ని. అబద్ధం చెబుతున్నానని ఆవిడకి కలలో కూడా అనిపించలేదు.

పరీక్షలన్నీ చేశారు. రాళ్ళు లేవు. లివర్‌కి వచ్చే అంటురోగాలేవీ లేవు. కారణం మాత్రం దొరకలేదు. రక్తపరీక్షలో లెక్కలు రోజురోజుకీ పెరుగుతున్నాయి. డాక్టరమ్మ ఒకరోజు పిన్నిని వరండాలోకి పిలిచి చెప్పింది.

“అమ్మా, లివర్‌ని పాడుచేస్తున్నదేదో ఇంకా పాడుచేస్తూనే ఉంది. అదేంటో తెలిస్తే ఆపొచ్చు. తెలియకుండా ఇలాగే పోతే ఇంకొన్నాళ్ళకి మా చేతుల్లో ఏమీ ఉండదు. మీకు ఏదైనా గుర్తొస్తే చెప్పండి.”

పిన్ని వరండా చివర కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుంది. ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా ఓపిక కావాలి. ఏం గుర్తురావాలి? ఆయన తినేదే తను తింటుంది, తాగే నీళ్ళే తాగుతుంది. చెడు పని లేదు, చెడు తిండి లేదు. తిరిగి వార్డులోకొచ్చి, నర్సు ఇచ్చిన బిళ్ళలు వేసింది. తరవాత ఎప్పట్లాగే సంచీలోంచి చేతిరుమాలు ముడి తీసి, లివర్‌కి మంచిది కదా అని, తన మూడూ ఆయన నోట్లో వేసింది. దాచిపెట్టి కాదు, అందరి ముందే. మొదటిరోజు నుంచీ అలాగే వేస్తోంది.

ఆ పొద్దున ఆయన మింగలేకపోయాడు. దగ్గొచ్చి ఒకటి నోట్లోంచి జారి, ఎప్పుడో పగిలిందేమో, దుప్పటి మీద చిట్లింది. తెల్లటి ఆస్పత్రి దుప్పటి మీద నారింజ రంగు మరక. పిన్ని తడి గుడ్డతో తుడిచింది. అది ఇంకా పాకింది. రౌండ్లకొచ్చిన డాక్టరమ్మ దాన్ని చూసి ఆగిపోయింది.

“ఏంటిది?”

“ఏం లేదండీ, మా కార్ఖానాది. ఉతికితే పోతుంది.”

“కార్ఖానాది ఇక్కడెందుకుంది?”

పిన్ని చేతిరుమాలు విప్పి చూపించింది. డాక్టరమ్మ ఒక క్యాప్సూల్ తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది.

“ఏ మందులూ వాడటం లేదన్నారు కదమ్మా!”

“ఇది మందు కాదండి,” అంది పిన్ని. “డబ్బా మీదే రాసుంటుంది. నేనేగా అంటించేది.”

డాక్టరమ్మ కోప్పడుతుందనుకుంది. కోప్పడలేదు. మంచం అంచు మీద కూర్చుంది. రోగుల మంచం మీద డాక్టర్లు కూర్చోవడం పిన్ని అదే మొదటిసారి చూడటం.

“పసుపేనండీ అది. పసుపు ఎవరికైనా చెడు చేస్తుందా?”

“వంటలో వేసే చిటికెడు పసుపు కాదమ్మా ఇది. అది ఎంతమంది తింటున్నా ఏమీ కాదు. ఇది దానిలోంచి పిండి తీసిన సారం. అసలైతే ఇది ఒంటికి అంతగా పట్టదు, వచ్చింది వచ్చినట్టు పోతుంది. ఇందులో మిరియాల సారం కూడా ఉందా?”

“ఉందండి. కొత్త రకం. ఒంటికి బాగా పడుతుందని...”

“అదే. పోవాల్సింది పోకుండా రక్తంలోకి చేరుతుంది. దీనివల్ల మోకాళ్ళ నొప్పి కొంతమందికి తగ్గుతుంది, తగ్గదని నేననను. చాలామందికి ఏ నష్టమూ ఉండదు. ఏ కొద్దిమందికో లివర్ మీద దెబ్బ కొడుతుంది. ఎవరికి కొడుతుందో ముందుగా చెప్పలేం. దీనివల్లే అని ఇప్పుడే ఒట్టేసి కూడా చెప్పను. ఈ పూటే ఆపేసి చూడాలి. ఆపాక తగ్గితే ఇదే అనుకోవాలి. రోజుకి ఎన్ని వేస్తున్నారు?”

“పూటకి మూడండి. అంటే మూడని కాదు, ఇవి సొట్టవి కదా, వీటిలో సగమే ఉంటుంది. అందుకని...”

“సగం కాదే.”

ఆ మాట బాబాయ్ అన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

“తక్కువై సొట్ట పడదు. మరీ అదిమి నింపితే మూత పట్టదు. అప్పుడు గట్టిగా నొక్కుతాం. ఆ నొక్కుడికి పడుతుంది సొట్ట. మంచిదానికన్నా ఎక్కువే ఉంటుంది అందులో.”

డాక్టరమ్మ చేతిరుమాలుతో సహా అన్నీ తీసుకుని, నర్సుకి ఏదో చెప్పి, పక్క మంచం దగ్గరికెళ్ళింది. ఆవిడకి ఇంకా చాలా మంచాలున్నాయి.

పిన్ని స్టూలు మీద కూర్చుండిపోయింది.

“మీకు తెలుసా?” అంది చివరికి.

“నింపేది నేనే కదే.”

“మరి నేను రెండేసి మూడేసి నోట్లో కుక్కుతుంటే నోరు విప్పి చెప్పలేదేం? నేను ఇన్నాళ్ళూ సగం సగం అని వాగుతుంటే వింటూ ఊరుకున్నారా?”

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “చెబితే రెండోది ఇవ్వవు. రెండు వేసుకుంటేనే లేస్తున్నాయి మోకాళ్ళు. ఒక్కటి వేసుకున్న రోజు మధ్యాహ్నానికే బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. సూపర్‌వైజర్ రెండుసార్లు చూశాడు కూడా. కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే, పసుపే కదా అనుకున్నాను. నువ్వు అనుకున్నట్టే అనుకున్నాను.”

పిన్నికి ఆ మనిషిని పట్టుకుని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. “నా చేత్తో ఇచ్చాను! మిమ్మల్ని లేపానని అందరి దగ్గరా గొప్పలు కూడా చెప్పుకున్నాను. నా చేత్తో మిమ్మల్ని చంపుకుంటున్నానని తెలిసి కూడా...”

“చంపడమేంటి, ఊరుకో. నాకూ తెలీదుగా ఇంతవుతుందని. నువ్విచ్చావు, నేను నోరు తెరిచాను. చెరి సగం.” ఆయన చెయ్యి దుప్పటి మీద వెతుకుతూ వచ్చి పిన్ని మణికట్టు పట్టుకుంది. పట్టుకోవడానికి కూడా బలం లేదు దానికి.

తరవాత రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. అంతకంటే ఏం చెబుతాం. ఆపేయగానే తగ్గిపోతుందేమో అని పిన్ని పొద్దున్నే కళ్ళు తెరవగానే ఆయన కళ్ళు చూసేది. లెక్కలు మొదట ఇంకా పెరిగాయి. డాక్టరమ్మ కూడా మాట్లాడటం తగ్గించింది. కూతురొచ్చింది, వరండాలో ఏడ్చింది, తల్లి ఏడవడం లేదేంటని కసురుకుంది. పిన్ని ఆ స్టూలు మీదే కూర్చుని, స్టూలు మీదే నిద్రపోయి, లేచి మళ్ళీ చూసేది. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియలేదు ఆవిడకి. ఒకరోజు లెక్క పెరగలేదు. మర్నాడు కొంచెం దిగింది. ఆ పై మర్నాడు కూడా దిగిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు పిన్ని, అన్నాళ్ళూ రాని ఏడుపు, అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చింది.

“ఇక జన్మలో ముట్టుకోకూడదు,” అంది డాక్టరమ్మ పంపించేరోజు. “ఒక్కటి కూడా. ఈసారి లివర్ తేరుకుంది. ఇంకోసారి తేరుకుంటుందని నేను చెప్పలేను. ఆ పొడి మధ్యకి పనికి కూడా వెళ్ళొద్దు.”

రేకులు మార్చి కార్ఖానా మళ్ళీ తెరిచారు. పిన్ని వెళ్ళింది. ఇద్దరిలో ఒకరైనా వెళ్ళాలి కదా. బల్ల దగ్గర సంగతంతా చెప్పింది. ఒకావిడ ఆ సాయంత్రమే అవి వేసుకోవడం మానేసింది. మిగతావాళ్ళు అయ్యో అన్నారు, నిజంగానే బాధపడ్డారు, తరవాత “మాకేం కాలేదుగా పిన్నీ” అన్నారు. వాళ్ళ మాటా నిజమే, వాళ్ళకేం కాలేదు. పిన్ని సూపర్‌వైజర్‌ని పట్టుకుని, సొట్టవి ఎవరికీ ఇవ్వొద్దు, పారబోయించండి అని వెంటపడింది. ఆయన మొదట నసిగి, చివరికి సరేనన్నాడు. అంతకుమించి ఆవిడ వల్ల ఏమవుతుంది? నింపే బల్ల దగ్గర కొత్త మనిషి నిలబడ్డాడు. అతని మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

ఇంట్లో బాబాయ్ రంగు మెల్లిగా వదిలింది. పసుపు పోయాక కింద మిగిలిన మనిషిని చూసి పిన్నికి దిగులేసింది. బుగ్గలు లోపలికి పోయాయి, మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. ఇన్నేళ్ళ ముసలితనం ఆ రంగు వెనకాల దాక్కుని ఒక్కసారి బయటికొచ్చినట్టుంది. అన్నిటికంటే ముందు మోకాళ్ళు వచ్చేశాయి. పోయిన నొప్పి పోయినచోటికే, ఇంకాస్త బలిసి వచ్చింది. కాపడం పెట్టింది, నూనె పట్టించింది, డాక్టరమ్మ చెప్పినట్టు కాళ్ళు చాపించి మడిపించింది. కొంచెం కొంచెం. ఆయన మంచం మీద నుంచి లేచి గుమ్మం దాకా రావడానికి పొద్దంతా పట్టేది.

ఒక సాయంత్రం పిన్ని పని నుంచి వచ్చి, గుమ్మంలో కూలబడి, చెప్పులు విప్పుకుంటోంది. బాబాయ్ నేల మీద కూర్చునున్నాడు. ఎప్పుడు దిగాడో, ఎంతసేపటి నుంచి లేవలేక అలా ఉండిపోయాడో తెలీదు. పిన్ని కొంగు వైపు చూశాడు.

“ఒక్కటి ఉందేంటే?” అన్నాడు.

“ఏంటి ఒక్కటి?”

“అదే. ఒక్కటి. రోజూ వద్దు. ఇవ్వాళ ఒక్కటి వేసుకుని, రేపు నా అంతట నేను లేచి స్నానానికెళ్తాను. ఎవరికీ తెలీదు.”

పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నోరు తెరిచి తనకోసం ఏదీ అడగలేదు. గ్లాసుడు నీళ్ళు కావాలన్నా తనే లేచి తెచ్చుకునే మనిషి. ఇప్పుడు చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి అడుగుతున్నాడు.

“లేదు,” అంది.

“కార్ఖానానిండా ఉంటాయి, ఒక్కటి లేదంటావేంటే?”

“ఉన్నా ఇవ్వను.”

“ఇలా కూర్చుని ఏం బతుకే ఇది! లేవలేను, ఒక పనికి పనికిరాను. నీ మీద పడి తినడానికా నేను బతికింది?” మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పిన్ని చెప్పులు పక్కన పడేసి లేచింది. కాళ్ళు లాగేస్తున్నాయి, నడుము కలుక్కుమంటోంది. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“మీరు లేచి పరిగెత్తాలని నాకేం లేదు,” అంది. “కూర్చుని బతకండి. పడుకుని బతకండి. విసుక్కోండి, తిట్టండి. నాకు ఇంట్లో మనిషి కావాలి. మీ మోకాళ్ళు నాకెందుకు?”

ఆయన భుజాలు కదులుతున్నాయి. పిన్ని వంగి ఆయన చంక కింద తన భుజం పెట్టి, రెండో చేత్తో నడుము పట్టుకుంది. “ఊఁ, పట్టుకోండి,” అంది. మొదటిసారి ఇద్దరూ కలిసి మళ్ళీ నేల మీద కూలబడ్డారు. కాసేపు అలాగే ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పట్టుకుని లేచారు.